మూడో తరగతి పాప పది నిమిషాల్లో లెక్కలు ముగించి ఖాళీగా కూర్చుంటోంది, డబుల్ ప్రమోషన్ అడగాలా?

కాజీపేట అమ్మ:

అందరికీ నమస్కారం. నాది కాజీపేటలో చిన్న టైలరింగ్ షాపు. మా బిడ్డకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బడి నుంచి వచ్చి నా మిషను పక్కనే కూర్చుంటుంది. మొన్న లైనింగ్ తాను విప్పుతుంటే, "అమ్మా, పది మీటర్లు కదా, బ్లౌజుకు ఎనభై సెంటీమీటర్లయితే పన్నెండు వస్తాయి, నలభై మిగులుతుంది" అంది. నేనింకా టేపు కూడా తీయలేదు.

బడిలోనే ఇబ్బంది. లెక్కలు ముందే అయిపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి, లేదంటే అవే లెక్కలు మళ్లీ రాయాలి. ఈ మధ్య కావాలనే మెల్లగా రాస్తోంది. ఎందుకని అడిగితే, "తొందరగా చేస్తే ఇంకా రాయమంటారమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయన డబుల్ ప్రమోషన్ అడుగుదామంటాడు. మా మరిది హనుమకొండలో ఒలింపియాడ్ పోటీ పరీక్షల ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చమంటాడు. దాని ఫీజు మా షాపు రెండు నెలల కిరాయి. మేమిద్దరం పది వరకే చదివాం. తెలిసినవాళ్లు చెప్పండి.

మామునూరు పేరెంట్:

అక్కా, మా బాబు మామునూరు నవోదయలో ఏడో తరగతి. అందులో చేరే పరీక్ష ఐదో తరగతిలో రాయాలి, సీటు ఆరులో. రెండు గంటలు, 80 ప్రశ్నలు, అందులో 40 మెంటల్ ఎబిలిటీవే. ఒక్కసారే రాయనిస్తారు. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు, దానికి మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. కాజీపేటలో చదివితే మిగతా సీట్లకే పోటీ. పాపకు ఇంకా టైముంది, ఇప్పుడే టెన్షన్ పడకండి.

పరకాల రిటైర్డ్ టీచర్:

అమ్మా, పరకాల దగ్గర పల్లెల్లో 31 ఏళ్లు ప్రైమరీ పిల్లలకు చెప్పాను. మీ బిడ్డ మెల్లగా రాస్తోందన్న మాట చదివి చాలా బాధేసింది. నా క్లాసులోనూ అలాంటి బాబు ఒకడుండేవాడు. అతను ముందే ముగిస్తే మిగతావాళ్ల పలకలు దిద్దమనేవాణ్ణి. మెచ్చుకుంటున్నాననే అనుకున్నా. ఆరో తరగతిలో మొదటిసారి ఒక లెక్క రాకపోతే ఆ పిల్లవాడు పేజీ చింపేశాడు. అప్పటిదాకా అతనికి "రాదు" అనే అనుభవమే నేను ఇవ్వలేదు. ఆ తప్పు నాది.

అందుకే డబుల్ ప్రమోషన్ వద్దంటాను. నాలుగో తరగతి లెక్కల్లో అంకెలు పెద్దవవుతాయి, అంతే. రెండు నెలల్లో మళ్లీ ఖాళీగా కూర్చుంటుంది, పైగా తోటి స్నేహితులు దూరమవుతారు. కోచింగ్ కూడా ఇప్పుడు వద్దు. అక్కడ నాలుగు ఆప్షన్లలోంచి వేగంగా ఒకటి పట్టుకోవడం నేర్పుతారు. వేగం మీ బిడ్డకు ఇప్పటికే ఉంది. ఒకే లెక్క దగ్గర రెండు రోజులు ఆగడం ఆమెకు ఇంకా తెలియదు. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి అనే విద్యావేత్త 1978లోనే ప్రతిభ అంటే తెలివి ఒక్కటే కాదు, సృజన, పట్టుదల కూడా కలవాలన్నాడు. నా అనుభవం కూడా అదే చెబుతోంది.

ఒక పని ఇస్తాను. గళ్ల కాగితం మీద ఆరు గళ్ల పొడవు, ఐదు గళ్ల వెడల్పు గుడ్డ గీయండి. మొత్తం గుడ్డను చదరపు ముక్కలుగానే కత్తిరించాలి, ఏమీ మిగలకూడదు, ముక్కలు వీలైనన్ని తక్కువ ఉండాలి. ముందుగా ఐదు గళ్ల పెద్ద చదరం తీస్తే మొత్తం ఆరు ముక్కలవుతాయి. అంతకంటే తక్కువలో అవుతుంది. ఎన్నో చెప్పను, మీరూ చెప్పొద్దు. ఏడ్చినా చెప్పొద్దు. పక్కన కూర్చోండి చాలు.

బడిలో ఫిర్యాదులా కాకుండా, పని ముగిశాక ఇలాంటి నోటుబుక్కు తీసుకోనివ్వమని టీచరమ్మను అడగండి. 2020 జాతీయ విద్యా విధానంలోనే, ప్రత్యేక ఆసక్తి ఉన్న పిల్లలకు టీచర్లు అదనపు సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని ఉంది. ఆదివారం వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లి, నక్షత్రంలా ఉన్న ఆ అరుగును చూసి గీయమనండి. మూలలు లెక్కపెట్టడంలోనే సగం రోజు పోతుంది.

కాజీపేట అమ్మ:

సార్, మీకు దండాలు. మొదటి రోజు ఆరు ముక్కలే వచ్చాయి. "ఇంతకంటే తక్కువ కాదు, ఆ సార్‌కు తెలియదు" అని కోపంతో కాగితం నలిపేసింది. నేనేమీ అనలేదు. రెండో రోజు నా కటింగ్ ముక్కల్లోంచి పాత గుడ్డ తీసి నిజంగానే కత్తిరించింది. మూడేసి గళ్లవి రెండు, రెండేసి గళ్లవి మూడు, మొత్తం ఐదు. అరుపు విని పక్క షాపాయన పరిగెత్తుకొచ్చాడు.

టీచరమ్మ నోటుబుక్కుకు ఒప్పుకుంది. "నాకూ చూపించు" అన్నదట. ఇప్పుడు మా బిడ్డ తనంతట తానే ఏడు గళ్లు, ఆరు గళ్లు గీసుకుని కూర్చుంది. దాని జవాబు ఇక్కడ రాయకండి సార్, పొద్దున లేవగానే నా ఫోన్ అదే చూస్తుంది.