పల్లపు చేలు మెరక చేసి ప్లాట్లు వేయడం ఆపాలా, వద్దా?

గట్టుమీదోడు (అమలాపురం దగ్గర):
మా ఊరికీ మేజర్ డ్రెయిన్‌కీ మధ్య పల్లపు చేలల్లో గ్రావెల్ తోలుతున్నారు. పగలూ రాత్రీ లారీలే. ప్లాట్ల రాళ్లు పాతేశారు, ముందు ఆర్చి కూడా లేపారు. ఊళ్లో కురిసిన వాన నీళ్లు డ్రెయిన్‌లోకి దిగేది ఆ చేల మీదుగానే. పల్లంలో మెరక పనులు వద్దని పంచాయతీ చేత తీర్మానం చేయిద్దామని కొందరం తిరుగుతున్నాం. “పట్టా భూమి, మధ్యలో మీకేంటి?” అంటున్నారు అవతలివాళ్లు. మీరేమంటారు?

పాత సర్వేయరు:
తీర్మానం సరే, అది ఏ రూలు మీద నిలబడుతుందో ముందు చూసుకోండి. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల్లోకి వరి చేలు రావు. నదీ పాయలు రావు. సాగునీటి కోసం కట్టినవి, చేపలు రొయ్యల కోసం తవ్విన చెరువులు, ఉప్పు మడులు, ఇవేవీ రావు. డెల్టాలో నీళ్లు నిలిచే చోట్లలో ఇవన్నీ తీసేస్తే మిగిలేదెంతండీ? చిత్తడి నేలగా నోటిఫై అయినచోట 50 మీటర్ల లోపు పక్కా కట్టడం కూడదన్న నియమం ఉంది గానీ, మీ చేలకది పనికిరాదు.

మీకు పట్టు దొరికేది 2017 భవన నిర్మాణ నిబంధనల్లో. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు వదలాలి, చిన్నదైతే 9. కాలువ, వాగు, మురుగు డ్రెయిన్ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. డ్రెయిన్ పక్కన ఆ జాగా వదిలారా, చేల మధ్య మురుగు బోదె ప్లానులో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. బోదెను నలభై అడుగుల రోడ్డుగా గీసిన ప్లాన్లు నా సర్వీసులో బోలెడు చూశాను. గీసినవాడికి కాస్త సిగ్గుంటే కల్వర్టు అయినా పెట్టేవాడు.

సార్వా రైతు:
మీరంతా బాగానే చెబుతున్నారు. ఆ పల్లంలో నాకూ ఎకరంన్నర ఉంది. అక్టోబరులో వాయుగుండం పట్టిందంటే పొట్ట మీదున్న చేను మునుగుతుంది. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, నీళ్లు దిగవు. వారం తర్వాత చూస్తే దుబ్బు కుళ్లి కంపు కొడుతుంది. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించింది సరదాకా? మురుగు పోక, గిట్టుబాటు కాకనే కదా. అప్పుడు పూడిక తీయమంటే ఎవరూ రాలేదు. ఇప్పుడు సెంట్ల లెక్కన కొనేవాడొస్తే నీళ్ల దారి అంటూ అడ్డం పడుతున్నారు. ఊరి నీళ్లు మోయడానికి నా చేను కావాలంటే ఊరే నాకు కౌలివ్వాలి.

ఉప్పుటేరు (ఆకివీడు వైపు):
రైతు గారూ, మీ మాట కొల్లేరులో పాతికేళ్లుగా వింటున్నాం. 1999లో ప్లస్ అయిదు అడుగుల కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కించారు. లోపల రైతుల సొంత జిరాయితీ భూములున్నాయి, వాటి పరిహారం సంగతి తేల్చలేదు. చెరువుల తవ్వకం ఆగలేదు. 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు కొట్టేశారు. రెండేళ్లకే కాంటూరు ప్లస్ మూడుకు తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. అందుకే నేను నిషేధం మాటకు వెంటనే చెయ్యెత్తను. గీత గీసి, లోపలున్నవాడి పొట్ట సంగతి వదిలేస్తే వాడే ఆ గీతకు మొదటి శత్రువవుతాడు. అలాగని మెరక చేసుకోనిద్దామా అంటే, అదీ కాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి పడేది కొల్లేట్లోనే, సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. లోపల గట్లు లేచేకొద్దీ నీళ్లు పక్క ఊళ్లకే ఎక్కుతాయి.

కొబ్బరాకు:
ప్లాట్లు కొన్నాక కాలనీ పేరు “లేక్ వ్యూ” అని పెట్టుకోవచ్చు, వర్షాకాలంలో అబద్ధం కాదు.

గట్టుమీదోడు:
రైతు గారు అడిగినదాంట్లో న్యాయముంది. నేను మొత్తం ఆపమనడం మానేస్తున్నాను, కాకపోతే మూడు షరతులు పెట్టమంటాను. బోదె ఉన్న వెడల్పు తగ్గకుండా వదలాలి. తూములు వెంచర్ వేసినవాళ్లే కట్టాలి. డ్రెయిన్ పూడిక తీసేదాకా గ్రావెల్ లారీ కదలకూడదు. మొన్న వెళ్లి చూస్తే పాత తూము నోటికి అడ్డంగా రెండు సిమెంటు గొట్టాలు దొర్లించి పైన మట్టి కప్పేశారు. ఇవతల మోకాలు లోతు నీళ్లు, అవతల ఎండిన నేల.

సార్వా రైతు:
పూడిక ముందు, లారీ తర్వాత అంటే నేనూ సంతకం పెడతాను. అప్పటిదాకా అడ్వాన్సు తిరిగివ్వమంటే మాత్రం ఇవ్వను.

పాత సర్వేయరు:
ఆ తూముకు ఇవాళే ఫోటో తీసి తేదీతో ఉంచుకోండి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) నకళ్లకు దరఖాస్తు పెట్టండి. బోదె పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా నమోదై ఉంటే అది పట్టాదారుది కాదు, అమ్మే హక్కు ఎవరికీ లేదు. పట్టా నంబరులోనే కలిసిపోయి ఉంటే నాకు చెప్పండి, అప్పుడు వేరే దారి వెతకాలి.