అప్‌డేట్: అందరికీ రక్తపోటు ఎక్కువగా కనిపించడానికి కారణం దొరికింది

నేనొక్కదాన్నే నర్సుగా ఉన్న మారుమూల ఆరోగ్య కేంద్రంలో, వచ్చినవారిలో చాలామందికి పై రక్తపోటు 140 దాటి కనిపిస్తోందని నెల క్రితం ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చివరకు పనికొచ్చింది, ముందు పరికరాన్నే అనుమానించమన్న సలహా. చేతికి చుట్టే పట్టీలోని గాలి పూర్తిగా తీసేశాక కూడా ముల్లు సున్నాకు రాకుండా 10 దగ్గర ఆగుతోందని అప్పుడే గమనించాను. మరమ్మతుకు పంపగా, డయలు దెబ్బతిన్నదనీ, ప్రతి కొలతా దాదాపు 12 ఎక్కువ చూపుతోందనీ తేలింది. లావు చేతులకు కూడా మామూలు పట్టీనే చుట్టడం మాత్రం నా పొరపాటు: లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం మేర రావాలి, చిన్నదైతే కొలత పెరుగుతుంది. తినే ఉప్పో, తాగే నీళ్లో కారణమేమోనని జవాబుల్లో వచ్చిన ఊహలేవీ వర్తించలేదు. నడిచి వచ్చినవారిని కొలిచే ముందు 5 నిమిషాలు కూర్చోబెట్టడం మొదటినుంచీ చేస్తున్నదే.

పక్కన మరో నర్సు, మరో పరికరం ఉండి ఉంటే తొలిరోజే పట్టుకునేవాళ్లం. ఒంటరి కొలువులో అసలు కష్టం అదే. అయితే ఎవరి ఇల్లు ఎక్కడో తెలుసు కనుక, గుమ్మం గుమ్మానికీ వెళ్లి మళ్లీ కొలవడం వారంలో పూర్తయింది. ఒక పెద్దావిడ తన భయం తీరిందని చేయి వదల్లేదు. నలుగురికి నిజంగానే ఎక్కువ ఉంది. వారిని వైద్యుడి దగ్గరకు పంపాను.