అప్‌డేట్: గోయాక్సెస్‌లో పాత లాగ్‌లు, బాట్‌ల సమస్య తీరింది

ఎన్‌జినెక్స్ వెబ్ సర్వర్ లాగ్‌లను (ఎవరెవరు సైట్‌కి వచ్చారో రాసుకునే ఫైళ్లు) గోయాక్సెస్ అనే లాగ్ రిపోర్ట్ టూల్‌తో చూస్తుంటే జీజిప్‌తో కంప్రెస్ అయిన పాత ఫైళ్లు రిపోర్ట్‌లోకి రావట్లేదని, బాట్‌ల (మనుషులు కాకుండా సైట్‌కి వచ్చే ప్రోగ్రామ్‌ల) వల్ల విజిటర్ల లెక్క పెరిగిపోతోందని ఇంతకు ముందు అడిగాను, రెండూ తీరాయి. కంప్రెస్ అయిన ఫైళ్లను చదివే జీక్యాట్ (zcat) కమాండ్‌కి మైనస్ ఎఫ్ (-f) ఇచ్చి మామూలు ఫైళ్లు, కంప్రెస్ అయినవి అన్నీ కలిపి పైప్‌లో, అంటే నేరుగా గోయాక్సెస్ కమాండ్‌కి పంపాను, ఆ కమాండ్ చివర ఒక్క హైఫన్ పెడితే గోయాక్సెస్ పైప్‌లో వచ్చింది చదువుకుంటుంది. లాగ్ లైన్లు ఏ రూపంలో ఉన్నాయో చెప్పే లాగ్-ఫార్మాట్ ఆప్షన్‌కి కంబైన్డ్ ఇచ్చాను. అసలు మేలు చేసింది బాట్‌లను లెక్కలోంచి తీసేసే ఇగ్నోర్-క్రాలర్స్ ఆప్షన్, సంఖ్యలు ఇప్పుడు నమ్మేలా ఉన్నాయి! కాకపోతే మామూలు బ్రౌజర్ పేరుతో వచ్చే బాట్‌లను అది పట్టుకోలేదు, వాటి ఐపీలను మైనస్ ఈ (-e) అనే ఆప్షన్‌తో విడిగా తీసేయాలి. రోజూ మొదటి నుంచి చదవకుండా పర్సిస్ట్ (చదివిన డేటాను దాచేది), రిస్టోర్ (దాచినదాన్ని తిరిగి తెచ్చేది) ఆప్షన్లు కలిపి వాడుతున్నాను. వాటితో డేటా ఏ ఫోల్డర్‌లో దాచాలో చెప్పే డీబీ-పాత్ తప్పకుండా ఇవ్వండి, లేకపోతే డేటా టెంప్ ఫోల్డర్‌లో పడి రీబూట్‌కి పోయే అవకాశం ఉంది.