చర్చ: పగలు ఇంట్లో లేనప్పుడు థర్మోస్టాట్ (ఇంట్లో వేడి ఎన్ని డిగ్రీలుండాలో పెట్టే మీట) దించాలా, కదపకుండా ఉంచాలా?

కొత్తచలి: పొద్దున ఆఫీసుకి వెళ్తూ థర్మోస్టాట్ 16 డిగ్రీలకి దించి, సాయంత్రం వచ్చాక 20కి పెంచుతున్నాను. పక్కింటాయనేమో "చల్లబడిన ఇంటిని మళ్ళీ వేడెక్కించడానికే ఎక్కువ గ్యాస్ కాలుతుంది, ఒకచోట పెట్టి వదిలేయండి" అంటున్నారు. మాది గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ కాల్చి ఇంటిని వేడిచేసే యంత్రం). ఏం చేయమంటారు?

లెక్కలమనిషి: దించండి. ఇంట్లోంచి వేడి ఎంత వేగంగా పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాని బట్టి ఉంటుంది. చిల్లు కుండలో నీళ్ళు నిండుగా ఉంటే వేగంగా కారతాయి, సగానికి దిగితే నెమ్మదిస్తాయి. ఇదీ అంతే. సాయంత్రం ఫర్నేస్ ఆగకుండా తిరగడం అందరికీ వినిపిస్తుంది. పగలంతా తిరగకపోవడం వినడానికి ఇంట్లో ఎవరూ ఉండరు, అందుకే ఈ అపోహ పోదు. రోజుకి 8 గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు (మన లెక్కలో 4 నుంచి 5.5) తగ్గిస్తే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖే చెప్తోంది.

నిలకడ: కాగితం మీద బాగానే ఉంటుందండీ. దించి పెంచితే గాలి వేడెక్కుతుంది కానీ గోడలు, నేల, మంచం చల్లగానే ఉంటాయి. తెర మీద 20 కనిపిస్తున్నా ఒంటికి చలే. దాంతో 23 పెడతాం. మిగిలిందంతా అక్కడే పోయింది.

లెక్కలమనిషి: 23 పెడితే ఇల్లు త్వరగా వేడెక్కదు. మామూలు ఫర్నేస్ 20 పెట్టినా 23 పెట్టినా అదే వేగంతో వేడిస్తుంది, ఆగడమే ఆలస్యం. మీరు వచ్చే టైముకి కాస్త ముందే మొదలయ్యేలా షెడ్యూల్ పెట్టుకోండి.

నిలకడ: త్వరగా వేడెక్కుతుందని నేనెక్కడన్నాను? గోడల సంగతి చెప్పాను.

పంపుసెట్టు: హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే యంత్రం) ఉన్నవాళ్ళు ఈ సలహా గుడ్డిగా పాటించొద్దు. ఒకేసారి నాలుగైదు డిగ్రీలు పెంచితే చాలా వాటిలో ఆక్సిలరీ హీట్ ఆన్ అవుతుంది. అది ఉత్త కరెంటు కాయిల్, ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. పంపు అదే కరెంటుతో రెండు మూడు రెట్లు వేడి ఇవ్వగలదు. కాబట్టి కొద్దిగా దించి, మెల్లగా పెంచాలి.

లెక్కలమనిషి: అడిగినవారిది గ్యాస్ ఫర్నేస్.

పంపుసెట్టు: చదివేవాళ్ళందరిదీ కాదు కదా.

మంచుదారి: బాగా గడ్డకట్టే రోజుల్లో మరీ దించకండి. బయటి గోడల్లో నీళ్ళ పైపులుంటే పగులుతాయి.

నిలకడ: పోయిన చలికాలం ఒక నెల దించి పెంచి చూశాం. బిల్లు ఎక్కువే వచ్చింది.

లెక్కలమనిషి: అది రుజువు కాదు. ఆ నెల బయట చలి ఎక్కువై ఉండొచ్చు. రెండు నెలల హీటింగ్ డిగ్రీ డేస్ (బయట ఎన్ని రోజులు, ఎంత చలి ఉందో చెప్పే లెక్క) పక్కపక్కన పెట్టి పోల్చారా? లేకపోతే ఆ బిల్లుకి అర్థం లేదు. సొంత అనుభవం పేరుతో తప్పుడు మాట ప్రచారం చేస్తున్నారు.

నిలకడ: ప్రచారమా? సరే, వినండి. పగలు మా ఇల్లు ఖాళీగా ఉండదు. నేనూ, ఎనభై దాటిన మా అత్తగారూ ఉంటాం. మావారు ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో 16కి దించేస్తారు. నేను పెంచితే ఆయనకి నోటిఫికేషన్ వెళ్తుంది, మళ్ళీ దించుతారు. అడిగితే మీరు రాసిన ఆ 10 శాతమే చూపిస్తారు. ఆవిడ స్వెటర్ మీద శాలువా కప్పుకుని, కొడుకుని ఒక్క మాట అనకుండా కూర్చుంటారు. నా బిల్లుకి అర్థం లేదంటున్నారా?

లెక్కలమనిషి: ఆ 10 శాతం ఖాళీ ఇంటికీ, రాత్రి దుప్పటి కింద పడుకున్నవాళ్ళకీ చెప్పిన మాట. పెద్దావిడ కూర్చున్న గదికి కాదు. చలి ప్రాంతాల్లో ఇంట్లో 18 డిగ్రీలు ఉండాలని, వృద్ధులకీ జబ్బు ఉన్నవాళ్ళకీ ఇంకా ఎక్కువే కావాల్సి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అది చూపించండి మీవారికి. కానీ దించితే గ్యాస్ ఎక్కువ కాలుతుందన్న మాట మాత్రం ఒప్పుకోను.

నిలకడ: ఒప్పుకోకండి. పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా అని ఇక్కడ ఒక్కరైనా అడిగారా?

అద్దెగది: బిల్లు కట్టేవాడి మాట కూడా వినాలండీ. నా రూమ్మేట్ 24 పెట్టి కిటికీ తెరుస్తాడు. సగం బిల్లు నాది. దించమంటే నేను పిసినారినట!

నిలకడ: మీ రూమ్మేట్‌నీ మా అత్తగారినీ ఒక గాట కట్టకండి.

అద్దెగది: కట్టలేదు. డబ్బు నాది, బటన్ ఇంకొకరిది. మీకూ అదే కదా సమస్య?

నిలకడ: కాదు. నేను ఇంట్లో ఉండి చేసే పనికి జీతం రాదు కాబట్టి బటన్ మీద నాకు హక్కు లేదంటున్నారు. అదీ సమస్య.

కొత్తచలి: మా ఇంట్లో పగలు ఎవరూ ఉండరు కాబట్టి నేను దించుతాను. నిలకడ గారూ, ఫోన్‌తో పనిచేసే కొన్ని థర్మోస్టాట్లలో ఇంతకంటే కిందికి దిగకుండా హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటుంది. పాస్‌వర్డ్‌తో లాక్ చేయొచ్చు.

నిలకడ: మాదాంట్లోనూ ఉంది. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది. ఈ రాత్రి అత్తగారి ముందే అడుగుతాను, 20 కంటే కిందికి దిగకుండా లాక్ చేయమని.

పంపుసెట్టు: మీది హీట్ పంప్ అయితే 20 దగ్గర కదపకుండా ఉంచడమే నయమని కూడా చెప్పండి.