పాత సెస్నాకు హుక్ వేసి గ్లైడర్ లాగిద్దామా, వించ్ కొందామా?

తాడిపత్రి_గాలి
అన్నలారా, అనంతపురంలో మేము ఆరుగురం కలిసి పాత రెండు సీట్ల గ్లైడర్, అదే ఇంజన్ లేని విమానం, ఒకటి బేరం చేస్తున్నాం. దాదాపు కుదిరినట్టే. ఇప్పుడు దాన్ని పైకి లేపేదెట్లా అన్నదే గొడవ. మాలో ఒకాయనకు సెస్నా 172 ఉంది, 150 హార్స్‌పవర్ ఇంజన్. "తోకకు హుక్ బిగిస్తే అయిపోయె, లక్షలు పోసి వించ్ ఎందుకు" అంటాడు ఆయన. వించ్ అంటే నేల మీద ఉండి కేబుల్ చుట్టుకుంటూ గ్లైడర్‌ను పైకి లాగే యంత్రం. నాదీ అదే మాట. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించినట్టే కదా? మన ఎండలకు మధ్యాహ్నం థర్మల్స్, అదే వేడెక్కి పైకి పోయే గాలులు, ఎట్లా లేస్తాయో మీకు తెలుసు, గద్దలు రెక్క ఆడించకుండానే పైకి పోతుంటాయి. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "వద్దు" అని ఒక్క ముక్క రాసి పోవద్దు.

పాత_ఫిట్టర్
వద్దు.

ఆగు, ఇంకా ఉంది. ఇరవై ఏళ్లు విమానాల కింద పడుకొని పని చేసినోణ్ణి. హుక్ బిగించడం అరపూట పని. దాన్ని దేనికి బిగిస్తున్నావు అన్నదే అసలు సంగతి. సెస్నా తోక కింద ఒక రింగ్ కనిపిస్తుంది. అది గాలివానకు విమానం కదలకుండా నేలకు కట్టేయడానికి. గ్లైడర్ లాగుడు అట్లా ఉండదు. వెనక్కి, పక్కలకు, పైకి, గంటలో పదిసార్లు కుదుపులతో లాగుతుంది. ఆ బరువు లోపలి ఫ్రేముకు పోవాలి, పైన రేకుకు కాదు. అందుకే విమానం మోడల్‌ను బట్టి ఆమోదం ఉన్న కిట్లు ఉంటాయి, వాటితో పాటు డ్రాయింగులూ వస్తాయి. డిజైన్ మార్పు కాబట్టి విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం లేకుండా ఒక్క రివెట్ కూడా తీయకూడదు. ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకొచ్చే పని కాదిది.

ఒకసారి వేరే రాష్ట్రంలో ఒక లాగుడు విమానం చూశాను. నేల మీద ఉన్నప్పుడు తాడు వదిలే లివర్ లాగితే హుక్ టక్కుమని తెరుచుకుంటోంది, అందరికీ సంతోషం. నాకు నమ్మకం కలగలేదు. తాడుకు స్ప్రింగు కాటా తగిలించి ఇద్దరు మనుషుల్ని గట్టిగా లాగమన్నాను. అప్పుడు లివర్ రెండు చేతులతో పీకినా రాలేదు. విప్పి చూస్తే తాడు చివరి రింగ్ కూర్చునే చోట హుక్ నోరు అరిగి గాడి పడింది. కంటికి సరిగ్గా కనపడదు కానీ గోరు పెట్టి గీస్తే ఆగుతుంది. బరువు లేనప్పుడు తెరుచుకునే హుక్ ఎవరికి కావాలి?

లెక్కల_అయ్యవారు
లెక్క వేద్దాం. మనిషితో కలిపి గ్లైడర్ 500 కిలోలు అనుకోండి. గ్లైడ్ నిష్పత్తి, అంటే మీటరు దిగేలోపు ఎన్ని మీటర్లు ముందుకు పోతుందన్నది, 30 అయితే గాలి నిరోధం సుమారు 17 కిలోలు. సెకనుకు 30 మీటర్లు ముందుకు, 3 మీటర్లు పైకి పోతుంటే బరువులో పదో వంతు, అంటే ఇంకో 50 కిలోలు తాడు మీద పడుతుంది. మొత్తం 67.

తాడిపత్రి_గాలి
చూశారా సార్! ఒక మనిషి బరువు. దీనికా ఇంత భయం?

లెక్కల_అయ్యవారు
నాయనా, అది నిలకడగా పోతున్నప్పటి లెక్క. తాడు వదులై మళ్లీ బిగుసుకున్నప్పుడు పడే కుదుపు ఈ లెక్కలో లేదు. అందుకే తాడుకు వీక్ లింక్ పెడతారు, హద్దు దాటితే ముందు అదే తెగేట్టు. అమెరికా నియమం ప్రకారం తాడు బలం గ్లైడర్ గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెట్టింపుకు మించకూడదు. దాని గరిష్ఠ బరువు కూడా 500 అనుకుంటే 400 నుంచి 1000 కిలోల దాకా. తాడు అంతకన్నా గట్టిదైతే వీక్ లింకులు పెట్టాలి. విమానం వైపు లింకు గ్లైడర్ వైపు దానికన్నా బలంగా ఉండాలి, అయితే 25 శాతానికి మించి కాదు.

ఇంకోటి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తు. మే నెలలో 40 డిగ్రీలుంటే గాలి పలచబడి ఇంజన్‌కు 4,300 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. మీ 150 హార్స్‌పవర్‌లో దాదాపు 20 అక్కడే ఆవిరి. ఎక్కడం సెకనుకు మీటరున్నరకు పడిపోతే తాడు మీద 42 కిలోలే ఉంటుంది. తగ్గిందని సంబరపడకండి, విమానం ఎక్కలేకపోతోందని దాని అర్థం.

ఓర్వకల్లు_రోడ్డు
ఎందుకీ తిప్పలు? మన దేశంలో గ్లైడింగ్ నేర్పింది ఎక్కువగా వించ్ మీదే. పుణె హడప్సర్‌లో అదే పద్ధతి. కిలోమీటరు కేబుల్, నిమిషంలోపు వెయ్యి అడుగుల పైన ఉంటావు. విమానం ఇంజన్ అరగదు, పెట్రోలు మిగులుతుంది.

తాడిపత్రి_గాలి
వెయ్యి అడుగుల్లో థర్మల్ దొరక్కపోతే నాలుగైదు నిమిషాల్లో దిగిపోవడమే కదన్నా. విమానమైతే రెండు వేల అడుగులకు తీసుకుపోయి, థర్మల్ ఉన్నచోటే వదులుతుంది. పైగా వించ్ పెట్టేదెక్కడ? ఓర్వకల్లు విమానాశ్రయంలో 2000 మీటర్ల రన్‌వే ఉంది, నిజమే. కానీ ప్యాసింజర్ విమానాలు దిగే చోట రన్‌వే మీద కిలోమీటరు ఇనుప తీగ పరుస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఓర్వకల్లు_రోడ్డు
అదైతే నిజమే. చోటు సంగతి నేను ఆలోచించలేదు.

ప్రొద్దుటూరు_టగ్
ఆలస్యంగా చూశాను. జర్మనీలో ఉంటాను, శని ఆదివారాలు క్లబ్ గ్లైడర్లు లాగుతాను. తమ్ముడూ, ట్రాక్టర్ పోలిక మాత్రం మానుకో. ట్రాలీ ఎప్పుడైనా ట్రాక్టర్ వెనక చక్రాలను ఆకాశంలోకి ఎత్తిందా? గ్లైడర్ ఎత్తుతుంది.

రెండేళ్ల కిందటి మాట. వెనక గ్లైడర్‌లో కొత్త కుర్రాడు. గ్లైడర్‌కు ముక్కు దగ్గరి హుక్ లేదు, వించ్ కోసం పెట్టిన పొట్ట కింది హుక్‌కే తాడు. దాదాపు 400 అడుగుల ఎత్తులో వెనక్కి చూసే అద్దంలో చూస్తే గ్లైడర్ ఉంది, మళ్లీ చూస్తే లేదు. అద్దం పైఅంచు దాటి పోయింది. నా తోక పైకి లేస్తోంది, ముందు అద్దం నిండా పొలాలు. స్టిక్ పొట్టకు ఆనేదాకా లాగాను, ముక్కు లేవలేదు. ఎడమ చెయ్యి లివర్ మీదే ఉండింది కాబట్టి లాగాను, తాడు పోయింది. మొత్తం రెండు మూడు సెకన్లు. ఆ లివర్ సీటు వెనకో, కిందో ఉండుంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాను.

కాబట్టి ఫిట్టర్ గారి కాటా పరీక్షే అసలైన పరీక్ష. పైకి లాగినప్పుడు కూడా తెరుచుకోవాలి. పాత ష్వైజర్ రకం హుక్‌లో రింగ్ పైవైపుకు లాగితే విడుదల బిగుసుకుంటుందని పేరు. టోస్ట్ రకం ఆ విషయంలో మేలు. గ్లైడర్‌కు ముక్కు హుక్ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆ బేరం గురించే మళ్లీ ఆలోచిస్తాను నేనైతే.

హార్స్‌పవర్ మాట ఒక్కటి. 115 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్‌తో డిమోనా మోటర్ గ్లైడర్ చక్కగా లాగుతుంది, పొడుగు రెక్కలు కాబట్టి. అదే ఇంజన్ మన దేశపు చిన్న విమానం హన్సా-3లోనూ ఉంది కదా, దానికీ హుక్ వేద్దాం అని ఎవరూ మొదలుపెట్టకండి బాబూ.

ఇంజన్‌దీ ఒక బాధ. ఫుల్ పవర్, తక్కువ వేగం, సిలిండర్లు కాలిపోతుంటాయి. తాడు వదలగానే పవర్ మూసి డైవ్ కొడితే ఒక్కసారిగా చల్లబడి పగుళ్లు. మెల్లగా దించే ఓపిక ఉన్నవాడినే సీట్లో కూర్చోబెట్టాలి.

పాత_ఫిట్టర్
సీట్లో ఎవరు కూర్చుంటారు, సెస్నా ఓనరేనా?

తాడిపత్రి_గాలి
ఆయనే. లాగుడు అనుభవం సున్నా. ఇప్పుడే ఫోన్ చేసి అద్దం సంగతి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మన సెస్నాలో వెనక్కి చూసే అద్దమే లేదు కదరా" అన్నాడు.

గ్లైడర్ అమ్మే ఆయన్ని ముక్కు ఫోటో పంపమన్నాను. అది వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వడం లేదు. నేనింకా హుక్ వైపే ఉన్నాను, కాకపోతే మొన్నంత గట్టిగా కాదు.

పాత_ఫిట్టర్
ఫోటో వస్తే ఇక్కడ పెట్టు. పొట్ట కింది హుక్ కూడా దగ్గర్నుంచి తీయమను, దాని నోరు తెరిచి పెట్టి.