కలర్ లేజర్ ప్రింటు లేతగా వస్తే ముందు అనుమానించాల్సింది రీఫిల్ టోనర్‌నా, కాగితాన్నా?

రావులపాలెం జిరాక్స్:
వానలు మొదలైన దగ్గర్నుంచి మా కలర్ లేజర్ ప్రింటర్ వెలిసిపోయినట్టు ప్రింటు ఇస్తోందండి. శుభలేఖ మీద ఎర్రగా ఉండాల్సిన వినాయకుడు గులాబీ రంగులో దిగుతున్నాడు. స్క్రీన్ మీద టోనర్ (రంగు పొడి) సగం పైనే చూపిస్తోంది. సర్వీసు కుర్రాడేమో రీఫిల్ పొడి వల్లే, నాలుగూ కంపెనీ కాట్రిడ్జ్‌లు వెయ్యమంటున్నాడు. పక్క షాపాయన కాలవ పక్కన కదా, కాగితం చెమ్మ పట్టిందంటాడు. శ్రావణం ముహూర్తాలు దగ్గరకొచ్చేశాయి, టెన్షన్‌గా ఉంది.

భీమవరం డీటీపీ:
కుర్రాడు చెప్పిందే కరెక్టు. ఒక్కో మోడల్‌కి పొడి వేరు, అది పట్టుకోవాల్సిన కరెంటు ఛార్జి వేరు. మనవాళ్లు ఒకే డబ్బాలోంచి అన్నిటికీ పోసేస్తారు. చిప్ మార్చిన కాట్రిడ్జ్‌లో మీటరు సగం చూపించినా లోపల ఎంతుందో దేవుడికెరుక.

పాలకొల్లు:
కంప్యూటర్‌లో ప్రింటర్ డ్రైవర్ సెట్టింగుల్లో టోనర్ సేవ్ (పొడి పొదుపు) టిక్కు ఉందేమో ముందు చూడండి సార్.

అమలాపురం మెకానిక్:
నాలుగు రంగులూ లేతగా ఉన్నాయా, ఒక్కటేనా? అది తేలకుండా వాదన దేనికండీ? మెనూలో రంగు పట్టీల టెస్ట్ పేజీ తీయండి. ఒక్క రంగే లేతగా ఉంటే దాని కాట్రిడ్జ్, బొమ్మ ఏర్పడే డ్రమ్, లేజర్ వెలుతురు బయటకొచ్చే గాజు చూడాలి. నాలుగూ లేతైతే రంగులన్నీ ముందు పడే బెల్ట్, వాటిని కాగితం మీదికి దించే ట్రాన్స్‌ఫర్ రోలర్, కాగితం. ప్రింటు సగంలో తలుపు తీసి బెల్ట్ మీద బొమ్మ చూడండి. అక్కడ చిక్కగా ఉండి కాగితం మీద లేతగా పడితే రంగు కాగితానికి దిగడం లేదన్నమాట. పొడిని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజర్ కాలుతుంది, చెయ్యి పెట్టొద్దు. డ్రమ్‌కి వెలుతురు తగలనివ్వకండి.

చెమ్మ కాగితంలో కరెంటు కారిపోతుంది. బెల్ట్ మీది పొడిని లాగే ఛార్జి కాగితం మీద నిలవదు. ఇంకోటి, శుభలేఖ అట్ట వేస్తూ ట్రే సెట్టింగులో ‘ప్లెయిన్’ (మామూలు కాగితం) అనే ఉంచారా?

రావులపాలెం జిరాక్స్:
అవునండి, ప్లెయిన్ అనే ఉంది. పట్టీలు నాలుగూ లేతే, అక్కడక్కడా మచ్చలు కూడా. బెల్ట్ మీద మాత్రం బాగానే కనిపించింది.

భీమవరం డీటీపీ:
పొడి ఛార్జి సరిగ్గా లేకపోయినా బెల్ట్ మీంచి దిగదు. కాగితాన్నే అనడానికి లేదు.

అమలాపురం మెకానిక్:
ఒప్పుకుంటా. కానీ నాలుగు కాట్రిడ్జ్‌ల ఖర్చెక్కడ, ఒక రీము ఖర్చెక్కడ? సీలు ఉన్న రీము అప్పటికప్పుడు విప్పి వెయ్యండి. పాతది ఎండలో పెడితే ముడుచుకుపోయి జామ్ అవుతుంది, ఆ పని చేయకండి. రాత్రి ట్రేలో కాగితం వదిలెయ్యొద్దు, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

రావులపాలెం జిరాక్స్:
కొత్త రీము వేశాం. మచ్చలు పోయాయి, నల్ల అక్షరం ముదిరింది. వినాయకుడు మాత్రం ఇంకా కాస్త గులాబీయే.

అమలాపురం మెకానిక్:
ఎరుపంటే మెజెంటా, పసుపు కలిసేది. పసుపు చాలట్లేదు. బెల్ట్ మీద పసుపు కాస్త తగ్గినా కంటికి తెలియకపోవచ్చు, అందుకే మీకు బాగానే ఉన్నట్టు కనిపించి ఉంటుంది.

భీమవరం డీటీపీ:
ఆ పసుపు రీఫిల్ చేసిందేగా?

రావులపాలెం జిరాక్స్:
ఆయ్, రీఫిలే.

భీమవరం డీటీపీ:
మరి నేను చెప్పిందేంటి!

అమలాపురం మెకానిక్:
మీరు నాలుగూ మార్చమన్నారు గురువుగారూ. ముందు పసుపు వైపు లేజర్ గాజు పొడిగుడ్డతో తుడిచి, మెనూలోంచి క్యాలిబ్రేషన్ (రంగులు సరిచేసుకోవడం) చెయ్యండి. అప్పటికీ రాకపోతే ఆ ఒక్కటీ కొనండి.