పాపకి ఆరెస్వీ అన్నారు, దీనికి టీకా ఎందుకు లేదు?

అడిగినది: సెల్ రిపేరు షాపు, అనంతపురం

మా పాపకి నాలుగు నెలలు. ముక్కు కారడంతో మొదలై, మూడో రోజు రాత్రికి డొక్కలు ఎగరేస్తా ఉంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. మా జేజి రొమ్ముకి వాము నూనె రాసింది. ఒక డాక్టరు యాంటీబయాటిక్ రాసిచ్చారు. ఏదీ పనిచేయలేదు. ఇంకో ఆస్పత్రిలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టాక తేరుకుంది. చీటీలో ఆరెస్వీ అని రాశారు.

నెలన్నరకి, మూడున్నర నెలలకి న్యుమోనియా టీకా వేయించినాం, కార్డులో ఉంది. మరి ఇదెట్లా వచ్చింది? కోవిడ్‌కి ఏడాదిలో టీకా తెచ్చినోళ్లు దీనికి ఎందుకు తేలేదు? పేదోళ్ల పిల్లలకే వస్తుందనా?

జవాబు: తాడిపత్రి, ఇప్పుడు హైదరాబాద్

తమ్ముడూ, పాప తేరుకుంది కదా, ముందు అది సంతోషం. నేను ఎస్కే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి టీకాల ల్యాబులో ఉద్యోగం చేస్తున్నా.

కార్డులో ఉన్నది పీసీవీ. అది న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాకి. ఆరెస్వీ అంటే ఊపిరి దారులకి సోకే ఒక వైరస్, అందుకే యాంటీబయాటిక్ కూడా దాని మీద పనిచేయదు. పేదా గొప్పా లేదు, రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఒకసారి సోకుతుంది. ఎక్కువమందికి జలుబుతో పోతుంది.

టీకా కోసం ప్రయత్నించలేదని కాదు. 1957లో రాబర్ట్ చానాక్ అనే వైరాలజిస్టు దీన్ని పసిపిల్లల నుంచి వేరుచేశాడు. 1966లో అమెరికాలో వైరస్‌ని ఫార్మలిన్ అనే రసాయనంతో చంపి టీకాగా వేశారు. పోలియోకి సాల్క్ చేసింది అదే పద్ధతి. కానీ ఇక్కడ ఎదురుతిరిగింది. టీకా వేసుకున్నాక వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు, వేసుకోనివాళ్లలో 5 శాతమే. ఇద్దరు పసివాళ్లు పోయారు. ఆ దెబ్బకి ఆరెస్వీ టీకా పని కొన్ని దశాబ్దాలు వెనకబడింది.

ఎందుకు ఎదురుతిరిగిందో చెప్తా. ఎలుకల బోను ఉంది కదా, స్ప్రింగు బిగించి పెట్టినప్పుడు ఒక ఆకారం, టప్‌మని పడ్డాక ఇంకో ఆకారం. వైరస్ మీద ఎఫ్ అనే ప్రోటీన్ అంతే. మన కణంలోకి దూరేముందు బిగించి ఉంటుంది, దూరేటప్పుడు పడిపోతుంది. ఫార్మలిన్ టీకాలో ఉన్నవి దాదాపు అన్నీ పడిపోయిన బోనులే. ఒంట్లో యాంటీబాడీలు, అంటే వైరస్‌ని పట్టుకునే రక్షణ ప్రోటీన్లు, పుట్టాయి గానీ బిగించిన బోనుని ఆపలేనివి. పైగా అవి ఊపిరితిత్తుల్లో వాపుని పెంచాయి.

బిగించిన ఆకారం ఎట్లా ఉంటుందో 2013లో బార్నీ గ్రాహమ్, జేసన్ మెక్‌లెలన్, పీటర్ క్వాంగ్ అనే శాస్త్రవేత్తల బృందం చూపించింది. అది పడిపోకుండా ప్రోటీన్‌లో మార్పులు చేసి పట్టి ఉంచారు. చానాక్ 2010లోనే పోయాడు, పాపం, ఇది చూడలేదు.

ఇంక కోవిడ్ సంగతి. అదే గ్రాహమ్, మెక్‌లెలన్ అదే ఆలోచనతో 2017లో కోవిడ్ వైరస్ జాతికే చెందిన మెర్స్ వైరస్ మీది స్పైక్ అనే ప్రోటీన్‌ని పట్టి ఉంచారు. 2020లో ఫైజర్, మోడర్నా వాడింది ఆ కిటుకే. అంటే ఆ ఏడాది వెనకాల ఆరెస్వీ మీద పడ్డ తిప్పలన్నీ ఉన్నాయి. మనూళ్లో వేయించుకున్న కోవిషీల్డ్, కొవాగ్జిన్‌లలో మాత్రం ఆ కిటుకు లేదులే.

2023లో అమెరికాలో ముసలివాళ్లకి, గర్భిణులకి ఆరెస్వీ టీకాలకు అనుమతి వచ్చింది. గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, తల్లి యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకి చేరతాయి. బిడ్డకే నేరుగా ఇచ్చే నిర్సెవిమాబ్ అనే ఇంజెక్షన్ ఇంకొకటి. అది టీకా కాదు, తయారుచేసిన యాంటీబాడీ.

జవాబు: కర్నూలు

అంటే టీకాతో పిల్లలు చచ్చిపోయినారని మీరే ఒప్పుకుంటున్నారు. ఇంక జనం ఎట్లా నమ్మాలి?

జవాబు: తాడిపత్రి, ఇప్పుడు హైదరాబాద్

ఒప్పుకోకుండా ఎట్లా సార్, ఇద్దరు పిల్లలు. ఆ టీకాని ఆపేశారు, దాచిపెట్టలేదు, లెక్కలు 1969లో అచ్చయ్యాయి. ఆ లెక్కలు ముందు పెట్టుకునే గ్రాహమ్‌వాళ్లు పనిచేశారు.

జవాబు: ఏఎన్ఎం, ప్రొద్దుటూరు

నాయనా, సైన్సు బాగుంది గానీ నువ్వొకటి నేర్చుకో. పాప పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం గడియారం పెట్టి ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకి 50 గానీ అంతకు మించి గానీ ఉంటే పరుగెత్తాల్సిందే. డొక్క ఎగరేసినా, పాలు వదిలేసినా లెక్క కోసం ఆగొద్దు. ఇంట్లో ఎవరికి జలుబున్నా పాపని ఎత్తుకోనీకు, నీ షాపుకొచ్చే దగ్గులన్నీ నీ చేతుల మీదే ఇంటికొస్తాయి.

అడిగినది: సెల్ రిపేరు షాపు, అనంతపురం

ఇప్పుడే లెక్కపెట్టినా అక్కా, 38. మా జేజి పక్కన కూర్చుని తనూ లెక్కపెట్టి 40 అంటోంది.